అన్‌చార్టెడ్ 4 మొదటిసారి ఆడుతున్నాను, కాల్పుల దగ్గర ఆగిపోయాను. పాత మూడు గేమ్‌లు ఆడాల్సిందా?

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగంలో చేరాక నాకు టీవీకి తగిలించి ఆడే పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కొనిచ్చింది. దాంతోపాటు అన్‌చార్టెడ్ లెగసీ ఆఫ్ థీవ్స్ కలెక్షన్ కూడా. నా వయసు 47. ఎప్పుడో నెట్ సెంటర్‌లో కార్ల ఆటలు ఆడటమే తప్ప ఇలాంటివి తెలియవు. కథ బాగా పట్టుకుంది గానీ స్కాట్లాండ్ మంచులో కాల్పులు మొదలయ్యాక ఒక్క అడుగు ముందుకు పడటం లేదు. అరగంట ఆడేసరికి కళ్లు తిరుగుతున్నాయి. పాత మూడు ఆడకుండా నేరుగా నాలుగోది మొదలెట్టడం వల్లే ఇలా అవుతోందా? అసలు నాలాంటివాళ్లకు ఇది నప్పుతుందా?

సమాధానం:

నప్పుతుందండీ. స్కాట్లాండ్ అంటే 8వ చాప్టర్. మొత్తం 22, చివర ఒక చిన్న ముగింపు భాగం. మూడో వంతు దాటేశారు. పనామా జైలు నుంచి బయటపడ్డారు, ఇటలీలో వేలంపాట మధ్యలోంచి శిలువ ఎత్తుకొచ్చారు. కంట్రోలర్ చేతికి అలవాటు కాకపోతే అక్కడిదాకా రాలేరు. మీకు ఇంకా పట్టుబడనిది ఒక్కటే. ఈ ఆటలో ఎప్పుడు పగ్గాలు మీ చేతిలో ఉంటాయో, ఎప్పుడు ఆటే మిమ్మల్ని నడిపిస్తుందో తెలియాలి. అది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. దాని గురించి వివరంగా చెప్తాను. ముందు పాత గేమ్‌ల సంగతి తేల్చేద్దాం.

అన్‌చార్టెడ్ మొదటి మూడూ పీఎస్3 మీద 2007, 2009, 2011లో వచ్చాయి. వాటిని 2015లో నాథన్ డ్రేక్ కలెక్షన్ పేరుతో పీఎస్4కి తెచ్చారు. అది మీ పీఎస్5లోనూ ఆడుతుంది. మీ దగ్గరున్న కలెక్షన్‌లో 2016 నాటి నాలుగోది, 2017 నాటి లాస్ట్ లెగసీ ఉన్నాయి. నాలుగోది అర్థం కావడానికి ఇంత తెలిస్తే చాలు: కథానాయకుడు నేట్ (నాథన్ డ్రేక్) అనాథాశ్రమంలో పెరిగాడు, నిధుల వేట అతని బతుకు. సలీ అని సిగార్ కాలుస్తూ కనిపించే పెద్దాయన అతన్ని కుర్రతనంలోనే చేరదీశాడు, తండ్రి లాంటివాడు. ఎలీనా జర్నలిస్టు, మొదటి గేమ్‌లో పరిచయమైంది, ఇప్పుడు భార్య. అన్న సామ్ గురించి మీకేమీ తెలియదని దిగులు అక్కర్లేదు. మొదటి మూడు గేమ్‌లలో అతని ఊసే లేదు. పదేళ్లుగా ఈ సిరీస్ ఆడుతున్నవాళ్లం కూడా సామ్‌ని చూసింది నాలుగులోనే.

పాతవి ఆడనందువల్ల మీరు కోల్పోయింది నిజానికి 4వ చాప్టర్‌లో ఉంది. నేట్ ఇంటి అటక గుర్తుందా? బొమ్మ తుపాకీతో గురిచూసి కాల్చే చోటు. అక్కడున్న వస్తువుల్లో చాలావాటికి వెనక ఒక పాత కథ ఉంది, మాలాంటివాళ్లం ఒక్కోటి చేతిలోకి తీసుకుని అరగంట గడిపేశాం. తర్వాత కిందికి దిగితే ఎలీనాతో కలిసి సోఫాలో భోజనం, ఆపైన గిన్నెలు ఎవరు కడగాలో తేల్చుకోవడానికి టీవీలో ఒక ఆట. ఆ ఆట క్రాష్ బ్యాండికూట్. 1996లో దాన్ని తయారు చేసింది కూడా అన్‌చార్టెడ్ చేసిన నాటీ డాగ్ కంపెనీ వాళ్లే. కొండల మీంచి వేలాడే నేట్‌కి అక్కడ కంట్రోలర్ పట్టుకోవడం సరిగా చేతకాదు, గమనించారా? మీలాంటివాళ్లకోసమే ఆ సీన్ పెట్టారేమో అనిపిస్తుంది నాకు.

ఇక అసలు సంగతి. ఈ గేమ్‌లో మీరు చేసే పనులన్నీ ఒకే రకం కావు. నడుస్తూ మాట్లాడుకునే చోట్ల మీరు ఓడిపోవడమనేదే లేదు. గోడలెక్కే చోట్ల ఓడిపోవడం చాలా తక్కువ. పరిగెత్తే చోట్ల, అంటే వెనక వంతెన కూలుతూ, పైకప్పు విరిగిపడుతూ ఉండే చోట్ల, అంతా ముందే రాసిపెట్టిన తతంగం. మీరు గట్టిగా పరిగెత్తినా మామూలుగా పరిగెత్తినా ఆ వంతెన కూలాల్సిన చోటే కూలుతుంది. మీ చేయి అందుకున్న రాయి ఊడిపోయి ఊపిరి ఆగినంత పనవుతుంది కదా, అది మీరు తప్పు చేసినందుకు కాదు, అక్కడ ఊడాలని ముందే అనుకున్నారు. తిరునాళ్లలో జెయింట్ వీల్ ఎక్కినట్టే: కడుపులో తిప్పుతుంది, పడిపోరు. అలాంటి చోట కంట్రోలర్ మీది ఎడమ కర్రను (బొటనవేలితో తిప్పే స్టిక్) ముందుకు నెట్టి ఉంచి, దూకమన్నప్పుడు దూకండి, అంతే. మీ బుర్రకు నిజంగా పని పెట్టేవి కాల్పులు, తాళాల్లాంటి పజిల్స్ మాత్రమే. మొదటిసారి ఆడేవాళ్లు అన్ని చోట్లా ఒకే రకం కంగారు పడి, కాల్పుల దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు.

ఎక్కే చోట్ల ఒక చిన్న కిటుకు. నేట్ వేలాడుతున్నప్పుడు ఎడమ కర్రను ఏ వైపు తిప్పితే అతని చేయి ఆ వైపు చాచుకుంటుంది. తర్వాతి పట్టు అందే దూరంలో ఉంటే చేయి దానివైపు పూర్తిగా సాగి వేళ్లు తెరుచుకుంటాయి. అప్పుడే దూకండి. చేయి చాచకపోతే దారి అటు లేదని అర్థం. కింద పడి చచ్చిపోవడం పదికి తొమ్మిది సార్లు ఈ ఒక్క సైగ చూడకపోవడం వల్లే జరుగుతుంది. ఎటు పోవాలో తెలియకపోతే సామ్‌ని చూడండి. అతను దారి చెప్పడు గానీ సాధారణంగా వెళ్లాల్సిన వైపే నిలబడి ఉంటాడు. కంకర వాలు మీద జారుతున్నప్పుడు తాడు విసిరే గుర్తు కనిపించగానే కంట్రోలర్ మీది ఎల్1 బటన్ నొక్కి పట్టుకోండి. తొందరపడి ముందే దూకితే అంతే సంగతులు.

ఇప్పుడు స్కాట్లాండ్. పాడుబడ్డ చర్చి గోడల మధ్య, మంచులో, షోర్‌లైన్ అనే కిరాయి సైన్యం తిరుగుతుంటుంది. మీరు ఏం చేస్తున్నారో నేను ఊహించగలను. మొదటివాడు కనపడగానే ఓ గోడ వెనక చేరి, అక్కడే కూర్చుని, ఒక్కొక్కర్నీ గురిచూసి కాలుస్తున్నారు. కాసేపటికి వాళ్లు రెండు వైపుల నుంచీ చుట్టుముడతారు, గ్రెనేడ్ వచ్చి పక్కన పడుతుంది, కథ కంచికి. అందరూ మొదట చేసేది ఇదే. ఈ గేమ్‌ను తయారు చేసినవాళ్లు గోడ వెనక కూర్చున్నవాడిని కూర్చోనివ్వరు. మీ చుట్టూ ఉన్న గోడలు, పెట్టెలు కొన్ని బుల్లెట్లకు పగిలిపోతాయి కూడా.

కాబట్టి ఇలా చేసి చూడండి. ఆ ప్రదేశంలోకి అడుగుపెట్టగానే కాల్చొద్దు. గడ్డిలోనో గోడ చాటునో ఆగి, ఎల్2 పట్టుకుని ఒక్కొక్కరి మీద గురిపెట్టి, ఎడమ కర్రను లోపలికి నొక్కండి. వాళ్ల తల మీద గుర్తు పడుతుంది. ఆ తర్వాత గోడ అవతల ఉన్నా ఎక్కడున్నారో మీకు తెలుస్తుంది. అందర్నీ గుర్తుపెట్టడానికి ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషం దండగ కాదు. తర్వాత మిగతావాళ్ల కంటపడకుండా ఒంటరిగా ఉన్నవాడిని ఎంచుకోండి. వెనక నుంచి వెళ్లి స్క్వేర్ బటన్ నొక్కితే చప్పుడు లేకుండా పడగొడతారు. ఎవడి తల మీదైనా గుర్తు తెల్లగా నిండుతుంటే మిమ్మల్ని చూస్తున్నాడని అర్థం, చాటుకు తప్పుకోండి. పసుపు రంగుకు మారితే అనుమానం వచ్చి వెతకడానికి వస్తాడు. అది ప్రమాదమేమీ కాదు. గుంపును వదిలి ఒంటరిగా మీ గడ్డి దగ్గరికే నడిచి వస్తున్నాడు, అంతకంటే ఏం కావాలి? సామ్ కూడా ఊరికే ఉండడు, పక్కవాడి సంగతి చూసుకుంటాడు. అతను కంటపడి మీ ఆట చెడిపోతుందన్న భయం లేదు.

కనిపెట్టేశారనుకోండి. అప్పుడు కూడా ఆట అయిపోలేదు. చాలామందికి ఇది తెలియదు: గోడ దూకి, మరో పక్కనుంచి తిరిగి కాసేపు కంటపడకుండా ఉంటే వాళ్లు మీ జాడ పోగొట్టుకుంటారు. మళ్లీ మొదటి నుంచి దొంగాట మొదలెట్టొచ్చు. కాల్పులు తప్పవనుకుంటే ఇద్దర్ని కాల్చండి, చోటు మారండి. ఎత్తు మీంచి ఒకడి మీదికి దూకుతూ గాలిలోనే స్క్వేర్ కొడితే ఒకే దెబ్బకు పడిపోతాడు, వాడి తుపాకీ మీ చేతికొస్తుంది. గుళ్లు అయిపోయాయని భయపడొద్దు. పడినవాళ్ల మీంచి నడుచుకుంటూ పోతే అవే చేరతాయి. ముందు ముందు ఒంటినిండా కవచం వేసుకున్న భారీ మనుషులు వస్తారు. వాళ్లకు ఎదురుగా నిలబడకండి. ముందు హెల్మెట్ ఎగిరిపోయేలా తల మీద కాల్చి, ఆ తర్వాత సంగతి చూడండి.

తెర రంగు వెలిసిపోతుంటే దాక్కోండి, తనంతట తనే మామూలవుతుంది. దీని వెనక సరదా సంగతి ఒకటుంది. నాలుగో గేమ్‌కు పనిచేసిన జొనథన్ కూపర్ అనే యానిమేటర్ 2018లో బయటపెట్టాడు: నేట్‌కి బుల్లెట్లు తగలడం లేదట. తెర మీద కనిపించేది అతని అదృష్టం తరిగిపోవడం, అది పూర్తిగా అయిపోయినప్పుడు తగిలే ఒక్క బుల్లెట్టే ప్రాణం తీస్తుంది. మొదటి మూడింటికీ కథ నడిపిన ఏమీ హెన్నిగ్ మొదట్లో అనుకున్నది అదేనట. ఇది తెలిశాక నా ఆట తీరే మారింది. గాయాలు మానడానికి ఆగినట్టు కాకుండా, అదృష్టం కూడగట్టుకోవడానికి చోటు మారుతున్నట్టు ఆడటం మొదలెట్టాను. నిజం చెప్పాలంటే అలా ఆడితేనే ఈ గేమ్ బాగుంటుంది.

ఇవన్నీ చేసినా కుదరకపోతే మొహమాటం లేకుండా సెట్టింగ్స్‌లోకి వెళ్లి కష్టం తగ్గించండి. ఎక్స్‌ప్లోరర్ అని అన్నిటికంటే సులువైనది ఒకటుంది. ఆట మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మళ్లీ పెంచుకోవచ్చు. దానికంటే ముందు యాక్సెసిబిలిటీ అనే విభాగం చూడండి. అక్కడ లాక్-ఆన్ ఎయిమ్ ఆన్ చేస్తే ఎల్2 నొక్కగానే గురి శత్రువు మీదికే వెళ్తుంది. ఒకే బటన్ టపటపా కొట్టాల్సిన చోట నొక్కి పట్టుకుంటే సరిపోయేలా కూడా మార్చుకోవచ్చు. ఇలాంటివి వాడితే ఆట ఆడినట్టే కాదని దెప్పే కుర్రాళ్లు నెట్‌లో కనిపిస్తారు, వాళ్ల మాట పట్టించుకోకండి.

కళ్లు తిరగడానికి కారణం ఎక్కువగా కుడి కర్ర. కొత్తవాళ్లు నడుస్తూ నడుస్తూ కెమెరాను ఊరికే తిప్పుతుంటారు, ఆకాశం ఒకసారి, నేల ఒకసారి. కెమెరా వేగం బాగా తగ్గించుకోండి. యాక్సెసిబిలిటీలోనే కెమెరా అసిస్ట్ ఉంది, దాన్ని ఆన్ చేస్తే మీరు వెళ్లే వైపుకు కెమెరా దానంతటదే తిరుగుతుంది. కుడి బొటనవేలికి చాలా పని తగ్గుతుంది. ఇంకొకటి, పీఎస్5 వెర్షన్‌లో బొమ్మ నాణ్యతకు మూడు పద్ధతులున్నాయి. ఫిడిలిటీలో బొమ్మ 4K స్పష్టతతో వస్తుంది గానీ సెకనుకు 30 ఫ్రేములే. పర్ఫార్మెన్స్ పెట్టుకోండి, 60 ఫ్రేములు వస్తాయి. కెమెరా తిరిగినప్పుడు బొమ్మ చెదరకుండా సాఫీగా కదులుతుంది, మీలాంటివాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. మూడోది 120 ఫ్రేములది, దానికి తగ్గ టీవీ ఉండాలి, మీకు అక్కర్లేదు. గదిలో లైటు వేసుకుని టీవీకి కాస్త దూరంగా కూర్చోండి. తల బరువెక్కగానే ఆపేయండి, బలవంతంగా ఆడితే తగ్గదు. ఆట తనే సేవ్ చేసుకుంటుంది, ఎక్కడ ఆపినా నష్టం లేదు.

స్కాట్లాండ్ దాటాక 10వ చాప్టర్‌లో మడగాస్కర్, జీపు. మీకు ఆ చాప్టర్ బాగా నచ్చుతుందని నా నమ్మకం. ఎర్రమట్టి కొండల మీద జీపు నడుపుకుంటూ నేట్, సామ్, సలీ ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటారు. తడిమట్టి వాలు మీద చక్రాలు జారిపోతుంటే గట్టిగా యాక్సిలరేటర్ నొక్కడం మానేసి, మధ్యలో రాళ్లున్న చోటు వెతికి వాటి మీంచి ఎక్కించండి. ఎక్కడమే లేదంటే దిగి, జీపు ముందున్న కేబుల్ లాక్కెళ్లి పైనున్న చెట్టుకో స్తంభానికో చుట్టి వచ్చి ఎక్కండి. ఇలా తాడు చుట్టే పనికి చెట్టు చుట్టూ పూర్తిగా తిరగాలి, సగం తిరిగి వదిలేస్తే పడదు. తర్వాతి చాప్టర్‌లో ఊరి మధ్యలోంచి జీపు పరుగు ఉంటుంది. దారి తెలియక తడబడొద్దు, పల్లం వైపు పోనిచ్చుకుంటూ పోండి.

ఈ వేట వెనకున్న చరిత్ర తెలిస్తే ఇంకా రుచిగా ఉంటుంది. గేమ్‌లో వీళ్లు వెతికే నిధి హెన్రీ ఏవరీ అనే సముద్రపు దొంగది, అతను నిజంగా ఉన్నవాడే. 1695లో మక్కా యాత్ర ముగించుకుని సూరత్‌కు తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని దోచుకున్నాడు. గేమ్‌లో గన్స్‌వే అంటుంటారే, ఆ ఓడే. గోల్కొండను గెలిచిన ఎనిమిదేళ్లకే బాదుషా సొంత ఓడను సముద్రం మీద ఒక ఇంగ్లీషువాడు కొల్లగొట్టడమంటే మాటలా? ఔరంగజేబు ఆగ్రహం ఈస్టిండియా కంపెనీ మీద పడింది, సూరత్‌లోని వాళ్ల మనుషులను నిర్బంధించారు. ఏవరీ తల మీద వెల ప్రకటించారు. ఆ మరుసటి ఏడు తర్వాత మనిషి జాడ లేదు, ఎప్పటికీ దొరకలేదు. అతను ఏమైపోయాడన్న ఖాళీలోనే ఈ గేమ్ కథ అల్లారు. మడగాస్కర్ దగ్గర దొంగల రాజ్యం లిబర్టేలియా ఉండేదన్నది 18వ శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లోంచి వచ్చిన కట్టుకథ. నిజాన్నీ కట్టుకథనూ ఇలా ముడిపెట్టడంలో వీళ్లు ఆరితేరారు.

నాలుగోది అయ్యాక అదే కలెక్షన్‌లో లాస్ట్ లెగసీ ఆడండి. నాలుగోదాంట్లో సగం నిడివి. నేట్ ఉండడు, క్లోయీ అనే అమ్మాయి నాయిక. తండ్రి భారతీయుడు. వెతికేది వినాయకుడి దంతం, జరిగేది మన పడమటి కనుమల్లో, హొయసల శిథిలాల మధ్య. పరశురాముడి గొడ్డలికి దంతం విరగడం, ఏకదంతుడు కావడం మనకు చిన్నప్పటి కథ కదా, క్లోయీ పక్కనున్నావిడకు చెప్పకముందే పజిల్ ఎటు పోతోందో మీకు తెలిసిపోతుంది. 4వ చాప్టర్‌లో పెద్ద మైదానం ఇచ్చి జీపు చేతిలో పెడతారు. అక్కడక్కడా దాచిన 11 హొయసల బిళ్లలు పోగుచేస్తే ఒక కంకణం దొరుకుతుంది, నిధులు దగ్గర్లో ఉంటే అది చెప్తుంది. తొందరపడకుండా అది సంపాదించుకునే ముందుకెళ్లండి. అయితే గేమ్‌లోని బేలూరును నిజం బేలూరు అనుకోవద్దు. అక్కడ అది జలపాతాల మధ్య ఎవరికీ తెలియని నగరం. అసలు బేలూరు కర్ణాటక హాసన్ జిల్లాలో బస్సులు తిరిగే ఊరు, 1117లో విష్ణువర్ధనుడు కట్టించిన చెన్నకేశవ ఆలయంలో ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. హళేబీడు అంటే పాత ద్వారసముద్రం. 1310లో ఓరుగల్లును లొంగదీసుకున్న మాలిక్ కాఫూర్ మరుసటి ఏడు దాని మీదే పడ్డాడు. ఆ ఊళ్లు చూసొచ్చినవాళ్లకు గేమ్‌లో ఏనుగుల వరసలు, చెక్కిన స్తంభాలు చూస్తే ముచ్చటేస్తుంది, కొన్నిచోట్ల నవ్వొస్తుంది. గుడి గోడల మీద కాళ్లు పెట్టి ఎక్కడం మాత్రం మా అమ్మ పక్కన కూర్చున్నప్పుడు ఆడకపోవడమే మంచిదని తేలింది.

రెండూ అయ్యాక ఇంకా కావాలనిపిస్తే అప్పుడు నాథన్ డ్రేక్ కలెక్షన్ తీసుకోండి. నన్నడిగితే అందులో నేరుగా రెండోదానికి వెళ్లండి. చింతామణి, శంభల కోసం వేట. మొదలవడమే హిమాలయాల్లో లోయ అంచున వేలాడుతున్న రైలు పెట్టెలో మొదలవుతుంది. అదే రైలు తర్వాత నడుస్తున్నప్పుడు దాని మీద జరిగే పోరాటం కోసమైనా ఆడాలి. 2009లో వెనక బొమ్మలు జరిపి రైలు కదులుతున్నట్టు మాయచేయకుండా, రైలునే నిజంగా ఆ లోకంలో నడిపించారు. అందుకే పెట్టెలు మలుపు తిరిగినప్పుడు మీ గురి కూడా కదిలిపోతుంది. మొదటి గేమ్ ఇప్పుడు కాస్త మొరటుగా ఉంటుంది, నీళ్ల మీద బండి నడిపే చోట్ల విసుగొస్తుంది. పాత్రల మీద మమకారం కుదిరాక ఆడితే ఆ విసుగు తెలియదు.

మీ అమ్మాయి పక్కనుంటే పజిల్స్ ఆమెతో కలిసి చూడండి, ఇద్దరి కళ్లకు గుర్తులు తొందరగా దొరుకుతాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఎక్కడైనా ఆగిపోతే యూట్యూబ్‌లో వెతక్కండి. చాప్టర్ పేరు టైప్ చేయగానే చివరి సీన్ల బొమ్మలు ముందు కనపడతాయి. చాప్టర్ నంబరు, ఎక్కడ ఆగారో ఇక్కడే రాయండి, ఆ ఒక్క చోటు వరకే చెప్తాను.